నోట పలకని పేరు

దేవరకొండ, 1958

సంపాదకులు గారికి నమస్కారం.

నా మేకల మంద కథ అచ్చేసిన్రు, సంతోషం. గని దాని కింద మా ఇంటాయన పేరేసిన్రు. మీ జవాబు ఇల్లు చేరాలని కవరు మీద రాసిన పేరది. కథ చివర నా పేరు సక్కగ రాసిన గదా! ఆడమనిషి గిట్ల రాయదనుకున్నరా?

ఊర్ల పత్రిక సదివినోళ్లు ఆయనను మెచ్చుకుంటున్నరు. ఆయన కాదనకుంట నవ్వుతున్నడు.

నిన్న నేనే కథ సదివి వినిపిస్తె పక్కింటి సైదమ్మక్క కండ్లనీళ్లు పెట్టుకున్నది. "ఎవలు రాసిన్రే?" అనడిగింది. మా దిక్కు ఆడోళ్లం పెనిమిటి పేరు నోట పలకం. నా పేరు చెప్దమంటె పత్రికల లేదాయె.

ఇంకో కథ పంపుతున్న. జర దీనికి నా పేరే వెయ్యుండ్రి. నేను నోరు తెరిచి చెప్పగలిగే పేరు గదొక్కటే.