పాత షిఫ్టు, కొత్త రౌటరు

వేగుచుక్క బ్రాడ్‌బ్యాండ్, పటాన్‌చెరు ఆఫీసు వారికి, సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ మండలం నుంచి పోచయ్య నమస్కరించి రాయునది.

ఇక్కడ మూడొద్దుల నుంచి ముసురు. పత్తి చేన్ల కలుపు తీసుడు ఆగింది. పొద్దుగాల బర్రెలకు గడ్డి కోసుకొచ్చి, తడిసిన బట్టలు మార్చుకొని ఇది రాస్తున్న.

మీ నంబరుకు ఫోన్ చేస్తే పాట వస్తున్నది, మనిషి వస్తలేడు. నేను పాశమైలారంల మందుల ఫ్యాక్టరీల బాయిలర్ మీద పనిచేసి రిటైరైన. అక్కడ నోటితోటి చెప్పింది చెప్పినట్టు కాదు, కాగితం మీద పెడితేనే పని అయ్యేది. అందుకే ఉత్తరం రాసి మీ లైన్‌మన్ మల్లేష్ చేతికి ఇస్తున్న.

మా కోడలు తనుశ్రీ ఇంట్లనే లోపలి అర్రల కూసొని తెల్లాపూర్ కంపెనీకి కంప్యూటర్ పని చేస్తది. ఇన్సూరెన్స్ కాగితాలు సరిచూసుడు. మా కొడుకు నరేష్ పనిచేసే యూనిట్ మూతపడ్డది. ఇప్పుడు ఇల్లు కోడలి కొలువు మీదనే నడుస్తున్నది. పాత మోడెం మెల్లగున్నదని పోయిన నెల మీ దగ్గర నాలుగు యాంటెనాల కొత్త రౌటరు పెట్టించుకున్నం. వేగం వచ్చింది, కాదనను. కానీ రోజు మధ్యాహ్నం నెట్ పోతున్నదట. నిన్న తలుపు బయట నుంచి విన్న. సుధీర్ సార్ అని ఆమె పై ఆఫీసరు, "తనుశ్రీ, మళ్ళీ లైన్ పోతే నేనేం చేయలేను" అన్నడు. ఆ మాట విన్నప్పటి సంది నాకు బువ్వ సయిస్తలేదు. జల్దీ చూడగలరు.

ఇట్లు,
పోచయ్య, బాయిలర్ విభాగం (రిటైర్డ్)

తా.క. రౌటరును మేము ఆగం చేస్తలేము, రూలు ప్రకారమే నడుపుతున్నం. మా ఇంటామె సత్తెమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. లైట్ల మీద మాత్రం పెట్టలేదు.

* * *

శ్రీ పోచయ్య గారికి, వేగుచుక్క ఫిర్యాదుల విభాగం నుంచి ఆతియా నమస్కారాలు.

మా ఆఫీసుకు చేత్తో రాసిన ఫిర్యాదు రావడం ఇదే మొదటిసారి. ఏం చేయాలో తెలియక మేనేజర్ శివరామకృష్ణ గారిని అడిగాను. కాగితానికి కాగితమే జవాబు అన్నారు.

మీ లైను ఇక్కడి నుంచి పరీక్షించాము. ఏ లోపమూ లేదు. రౌటరును ఎత్తైన చోట, గాలి తగిలేలా, ఇనుప సామానుకు దూరంగా పెట్టండి. గోడలు అడ్డం లేకపోతే సిగ్నల్ బాగా అందుతుంది. మీ సమస్య తీరుతుందని నమ్ముతున్నాము.

మీ సేవలో,
ఆతియా

తా.క. మా కస్టమర్ ఒకాయన దొంగల భయంతో రౌటరును బీరువాలో పెట్టి తాళం వేశారు. మీరు అలా చేయలేదు కదా? పసుపు కుంకుమతో ఇబ్బంది లేదు.

* * *

ఆతియా మేడం గారికి, పోచయ్య దండాలు.

వాన తగ్గలేదు. మీరు చెప్పినట్టు రౌటరును సజ్జ మీదికి ఎక్కించినం. అక్కడున్న ఇత్తడి బిందెలు దింపి సత్తెమ్మ నడింట్ల పెట్టింది, నేను రెండుసార్లు తట్టుకొని పడ్డ. అయినా నెట్ రెండు గంటలకు పోయింది. తప్పుతలేదు. రెండు అంటే రెండే.

నేను బాగ ఆలోచించిన. తప్పు మీ దగ్గరనే ఉన్నది. రెండింటికి మీ ఆఫీసుల షిఫ్టు మారుతది. దిగిపొయ్యేటోడు ఏదో వాల్వు కట్టేసి పోతుండు, ఎక్కేటోనికి చెప్తలేడు. వాడు వచ్చి అరగంట ఎతుక్కొని మళ్ల తెరుస్తుండు. ఇసొంటియి నేను శాన చూసిన. వాని పేరు పట్టుకోండ్రి.

నిన్న సుధీర్ సార్, "పైకి రిపోర్ట్ రాస్తా" అన్నడు. కోడలు "సరే సార్" అన్నది. నాకు ఇంకింత భయమైంది. సత్తెమ్మ ఎల్లమ్మకు మొక్కుకున్నది. మీ లైను ఎన్నడు పోదని, మా పిల్ల తప్పు లేదని ముద్ర వేసి కాగితం ఇయ్యండ్రి. ఆ సారుకు పంపుత.

ఇట్లు,
పోచయ్య

తా.క. మల్లేష్‌ను కూసోబెట్టి చాయ్ పోసి, ఆ వాల్వు ఎవడు కడుతుండో నిజం చెప్పుమన్నం. చాయ్ తాగిండు.

* * *

పోచయ్య కాకాకు, ఆతియా సలాములు.

మేడం అనకండి, మా అబ్బాజాన్ కూడా పాశమైలారంలోనే పనిచేశారు. ఇక్కడ షిఫ్టులు లేవు కాకా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఈ కుర్చీలో నేనొక్కదాన్నే. వాల్వులు కూడా లేవు.

మీ కోడలి సంగతి చదివి నాకూ పరేషాన్ అయింది. అందుకని మీ రౌటరు రోజువారీ లెక్క తెరిచి చూశాను. లైను పోవడం లేదు. రోజూ రెండింటికి మీ రౌటరుకే కరెంటు ఆగిపోతోంది. అరగంటకు మళ్ళీ వస్తోంది. ఆదివారం కూడా. మీ ఊళ్ళో ఆ వేళకు కరెంటు తీస్తారా? లేక ఫోన్ చార్జింగు కోసం ఎవరైనా ప్లగ్గు పీకుతున్నారా? ఇంట్లో కోప్పడకుండా అడగండి.

ఉంటాను,
ఆతియా

తా.క. మల్లేష్‌ను నేనూ అడిగాను. చాయ్ బాగుందన్నాడు.

* * *

బిడ్డ ఆతియాకు, పోచయ్య దీవెనలు.

కరెంటు పోతలేదు. ప్లగ్గు ఎవరు పీకుతలేరు. స్విచ్ నేనే బంద్ చేస్తున్న. అది కూడ అడిగే మాటనా?

రెండింటికి షిఫ్టు మారుతది. మా బాయిలర్‌కు ఆ వేళకు మంట ఆపి, అడుగున పట్టిన బురద వదిలి, గేజీలు చూసి మళ్ల ముట్టించేది. ఆ అరగంట ఫ్యాక్టరీ ఆగేదా? ఆగదు. డ్రమ్ముల ఆవిరి నిలువ ఉంటది, దాంతోటే నడుస్తది. మీ రౌటరు కూడ పొద్దంత నడిచి వెచ్చగ అయితది. స్టూలు ఎక్కి వేలు ఆనించి చూస్తున్న. అరగంట ఆపితే సల్లబడుతది. ఆ అరగంటకు సరిపడ నెట్ లోపల నిలువ ఉంటది గద. అందుకే గద పాతది తీసేసి పెద్దది తెచ్చుకున్నది. నేనున్నన్ని దినాలు మా బాయిలర్ ఒక్కసారి కూడ పేలలేదు.

మరి నిలువ ఉన్న నెట్ యాడికి పోతున్నదో చూడు. ఎక్కడనో లీకు ఉన్నది.

ఇట్లు,
పోచయ్య

తా.క. ఇంతకంటే పెద్ద డ్రమ్ముది ఉంటే చెప్పు.

* * *

పోచయ్య కాకాకు, ఆతియా సలాములు.

కాకా, లీకు లేదు. డ్రమ్ము కూడా లేదు. నెట్ ఆవిరి కాదు, నిలువ ఉండదు. మీ బోరు మోటరు అనుకోండి. స్విచ్ బంద్ చేస్తే ఆ క్షణమే నీళ్ళు ఆగుతాయి కదా. ఇదీ అంతే. వెచ్చగా ఉండడం దాని స్వభావం, పేలదు. రాత్రింబవళ్ళు నడవడానికే చేశారు దాన్ని. మీ కోడలి కొలువు మీద ఒట్టు, ఇక ఆ స్విచ్ ముట్టుకోకండి.

మీరు అడిగిన కాగితం దీంతో పంపుతున్నాను. "ఈ లైను ఏ విరామమూ లేకుండా పనిచేయును" అని రాసి, మేనేజర్ గారితో సంతకం పెట్టించి, ముద్ర వేశాను. సుధీర్ సార్‌కు చూపించండి. ఇక ఎవరూ ఏమీ అనరు.

ఉంటాను,
ఆతియా

తా.క. మీ ఉత్తరం మేనేజర్ గారు రెండుసార్లు చదివారు. తర్వాత లేచి వెళ్ళి మా సర్వర్ మీద చెయ్యి పెట్టి చూశారు.

* * *

బిడ్డ ఆతియాకు, పోచయ్య దీవెనలు.

వాన వెలిసింది. కలుపు మళ్ల మొదలువెట్టినం. రెండింటికి చేతులు గుంజుతుంటే చేన్లకు పోయిన గాని స్విచ్ ముట్టలేదు. నీ కాగితాన్ని నరేష్ ఫోన్ల ఫోటో తీసి సుధీర్ సార్‌కు పంపిండు. ఆయన శాన ఖుషీ అయిండు. లైను గింత పక్కాగ ఉన్నది గదా అని మానేసిన ఇంకో పిల్ల పని కూడ తెచ్చి తనుశ్రీ మీద పెట్టిండు.

నాలుగొద్దులు కోడలు అర్ర నుంచి బయటికి రాలేదు. సత్తెమ్మ పళ్లెం లోపలికి పెడితే నిండుగనే మళ్ల వచ్చింది. నాకు పాణం ఆగక అడిగిన.

"ఏంది బిడ్డా, నెట్ మంచిగనే ఉన్నది గద?"

"అదే గద మామా బాధ," అన్నది.

"మరి సుధీర్ సార్ గట్ల అనెగదా, కొలువు పోతదేమో అని..."

"ఆయన అందరిని అట్లనే అంటడు. కంప్యూటర్ మౌసు పోయిందన్నా, మళ్లీ పోతే నేనేం చేయలేను అంటడు. మీరు రెండింటికి స్విచ్ బంద్ చేసుడు నేను మొదటి రోజే చూసిన."

"చూస్తే మరి ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తే ఇగ నేను బువ్వ ఎప్పుడు తినాలె?"

నరేష్ నవ్విండు. సత్తెమ్మ నవ్వలేదు. "నాలుగు కొమ్ములది తెచ్చి పిల్ల కంచం గుంజుకున్నవు" అన్నది. రేపటి సంది మళ్ల బంద్ చేస్త అన్న. కోడలు తల అడ్డం ఊపింది. "ఇగ నడవది మామా. ఏ విరామం లేదని సంతకం పెట్టి, ముద్ర వేసి పంపిస్తిరి గద."

ఆ దినమే ఆమె కంపెనీకి రాసి, ఆఫీసుల కుర్చీ ఇయ్యమని అడిగింది. వాళ్లు సరే అన్నరు. అక్కడ ఒంటిగంటకు అందరు లేచి క్యాంటీన్‌కు పోతరట. లేవకపోతే పక్కనోళ్లు లేపుతరట. నువ్వు తప్పు చేయలేదు బిడ్డా, కాగితం అడిగింది నేనే.

కనెక్షన్ తీయకుండ్రి. నరేష్ కొలువులకు దరఖాస్తులు పెడుతుండు.

ఇట్లు,
పోచయ్య

తా.క. సోమవారం పొద్దుగాల తనుశ్రీ తెల్లాపూర్ ఆఫీసుకు పోయింది. నరేష్ బండి మీద సంగారెడ్డి బస్టాండ్ దాక దింపి వచ్చిండు.