కనుమ దాటని అడుగులు

జూన్ 14, 1986

ప్రియమైన గెర్లీకి,

గురువారం ఫోన్‌లో నీతో సరిగా మాట్లాడలేకపోయాను. తప్పు నాదే. కొండెక్కిన రోజు పొద్దున ఆరుంపావుకి మీ కొండ బసలోని రాకపోకల పుస్తకంలో ‘తెల్లకొమ్ము శిఖరం, ఒంటరిగా, మూడింటికి తిరుగు’ అని రాసి బయల్దేరాను. పదకొండు నలభైకి శిఖరం కొనన నాటిన శిలువ ముట్టుకున్నాను. మంచు మోకాటి లోతు. దిగేటప్పుడు బస్సు అందుతుందని తూర్పు వైపు దిగాను. బసకు వచ్చి నా పేరు కొట్టేయాలన్న సంగతే మరిచాను. ఇల్లు చేరేసరికి ఏడయింది. మీవాళ్ళు నన్ను వెతకడానికి వెళ్ళారని మా ఆయన లోరెన్స్ చెప్తే అప్పుడు తెలిసింది.

మీ ఆయన మోకాలు ఎలా ఉంది? నిజం చెప్పు.

సిగ్గుపడుతూ,
నీ రోస్విత

జూన్ 18

రోస్వితా,

నిజమే చెప్తాను. తొడ నుంచి మడమ దాకా పిండికట్టు, ఆరు వారాలు. నువ్వు శిఖరమని రాశావు కాబట్టి కనుమ దాటి పైకి వెళ్ళాడు. అక్కడే జారాడు.

కాలు కంటే మాటలే ఎక్కువ బాధపెడుతున్నాయి ఆయన్ని. కనుమ దాకా నీ అడుగులున్నాయి, పైన ఒక్కటీ లేదు, మంచుపెళ్ళ విరిగి నువ్వు పడిపోయావేమోనని భయపడ్డానంటాడు. నువ్వేమో శిఖరం ఎక్కానని ఊరంతా చెప్పావు. ఇక సత్రంలో బీరు తాగుతూ కూర్చునే ఇగ్నాజ్ ఊరుకుంటాడా? “ఏమోయ్ సెవెరిన్, ఈసారి ఆవును తప్పిపోనియ్యి, దాని అడుగులైతే పెద్దవి, నీకు కనిపిస్తాయి” అన్నాడట. ఇరవై రెండేళ్ళుగా కొండ రక్షక దళంలో ఉన్న మనిషి. ఇంటికొచ్చి, “నా కళ్ళు పోయాయేమోనే, దళానికి రాజీనామా రాసిస్తాను” అన్నాడు.

ఆయన కళ్ళు పోయాయా రోస్వితా? అదొక్కటే అడుగుతున్నాను.

గెర్లిండె

జూన్ 23

ప్రియమైన గెర్లీ,

పోలేదు. నేను కనుమ దాటలేదు.

తొమ్మిదీ ఇరవైకి కనుమ చేరాను. పైనున్న మంచు చూస్తే ఎక్కే ధైర్యం చాల్లేదు. గంటసేపు బండ మీద కూర్చుని తెచ్చుకున్న రొట్టె మొత్తం తినేశాను. ఆ పొద్దున నువ్వు, “వంటింటి కాళ్ళకు కనుమ దాకా చాల్లేవే” అన్నావు. “మధ్యాహ్నం వచ్చి చెప్తాను నీ సంగతి” అన్నాను నేను. నీ ముందుకు ఓడి రాలేక తూర్పు వైపు దిగిపోయాను. పేరు కొట్టేయడం మరిచిపోలేదు గెర్లీ. ఇంట్లో ఉప్పు డబ్బాకు కూడా చీటీ అంటించేదాన్ని, ఎలా మరుస్తాను? ఇల్లు చేరాక ఫోన్ చేద్దామనుకున్నాను. బస్సు ఆలస్యమైంది.

నిన్న ప్రార్థన అయ్యాక సత్రంలోకి వెళ్ళి మగవాళ్ళ బల్ల దగ్గర నిలబడి ఇదంతా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఇగ్నాజ్ గ్లాసులోకి చూస్తూ, “అయితే ఆయన చూసిందే నిజమన్నమాట” అన్నాడు. లోరెన్స్ దారి పొడవునా మాట్లాడలేదు. గుమ్మం దగ్గర ఆగి, “నాక్కూడా అబద్ధమేనా?” అన్నాడు. అంతే.

మీ ఇంటికి రావడానికి మొహం చెల్లడం లేదు. రావొద్దంటే రాను.

రోస్విత

జూన్ 26

రోస్వితా,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. కనుమ మాట వచ్చేసరికి ఆపమన్నాడు. “అక్కణ్ణుంచి నేనే పదిసార్లు వెనక్కి వచ్చాను. ఆ రోజు పైనున్న మంచు చూసి వెనక్కి తిరగని వాడు వెర్రివాడు. ఆ మాట చెప్పడానికి మన గుమ్మంలోకి రాలేకపోయిందా?” అన్నాడు. ఆయన రాసి పెట్టుకున్న రాజీనామా కాగితం పొయ్యిలో వేశాను, ఆయన వద్దనలేదు.

నా వంటింటి మాట నాకు గుర్తే లేదు. నువ్వు రాశాక గుర్తొచ్చింది. అప్పటి నుంచి నాకూ నిద్ర సరిగా లేదు.

క్షమించాడా అని అడగకు. నాకు తెలియదు, ఆయనకూ తెలిసినట్టు లేదు. కానీ పల్లపు మైదానంలో గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది, కోసేవాడు మంచం మీదున్నాడు. మంగళవారం గడ్డి మీది పొద్దుటి తడి ఆరగానే కోత మొదలుపెడుతున్నాను. లోరెన్స్‌ని కూడా తీసుకురా, మాట్లాడకపోయినా చేతులు పనిచేస్తాయి కదా. సెవెరిన్ అరుగు మీద కూర్చుని నువ్వు గడ్డి పోగుచేసే దంతె పట్టుకునే తీరు తప్పని సాయంత్రం దాకా అంటూనే ఉంటాడు. ఆ మాటలు పడాలి.

ఎదురుచూస్తాను,
గెర్లి