చెయ్యి అందేంత దూరం

అత్తయ్యా,

ఎదురుగా చెబితే ఇద్దరం గొంతు పెంచుతాం, అందుకే ఈ ఉత్తరం.

“నల్లపొడి కలపడానికి అంత చదువెందుకే?” అని నా ల్యాబు పనిని చూసి నవ్వుతారుగా. ఆ పొడి నిండా ఉన్నవి కంటికి కనిపించని కార్బన్ గొట్టాలు. ఊరుకుంటే ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కట్టేస్తాయి. మొన్న మన వంటింటి గొడవ తలలో తిరుగుతుంటే, వాటిని విడదీసే యంత్రాన్ని ఆపకుండా నడిపేశాను. ఉండలు విడిపోయాయి, గొట్టాలూ ముక్కలైపోయాయి. ఆ ముక్కలు ఒకదాన్నొకటి తాకక, వాటిని కలిపిన ప్లాస్టిక్‌లో పారాల్సిన కరెంటు పారలేదు. విడిపోవాలి గానీ, ఒకదానికొకటి అందేంత దగ్గర్లోనే ఉండాలి.

మేం వేరు కాపురం పెడుతున్నాం. మీ అబ్బాయి ఊరి చివరికి పోదామన్నారు. నేనే పట్టుబట్టి పక్కవీధిలో ఇల్లు చూశాను. కవరులో ఉన్నది దాని రెండో తాళంచెవి, మీకే.

తలుపు మాత్రం తట్టి రండి.

మీ గయ్యాళి కోడలు