కొట్టేసిన వాక్యాలు

అమ్మకు, నాన్నకు నమస్కారాలు. నా జ్వరం తగ్గింది, బెంగ పెట్టుకోకండి.

రంగును బట్టి మనుషుల్ని వేరు చేయకూడదని ఒక పెద్దాయన వేలమంది ముందు చేసిన ప్రసంగం తొమ్మిదో తరగతికి చెబుతున్నాను. అందులో ఒకే మాట పదే పదే వస్తుంది. చెప్పిందే చెబితే మార్కులు పోతాయని నేర్చిన పిల్లలు ఆ వాక్యాలన్నీ పెన్సిలుతో కొట్టేశారు. ఆయన అదే మాట అన్నిసార్లు ఎందుకన్నారో చెప్పమన్నాను. దర్జీ కూతురు లేచి, "మా అమ్మ కూడా కుళాయి బాగుచేయించమని ఇంటి ఓనరుతో ఇలాగే అంటుంది టీచర్. ఒక్కసారి చెబితే ఆయనకు చెవుడొస్తుంది" అంది. అందరూ నవ్వారు. తర్వాత వాళ్లే రబ్బర్లు తీసి ఆ గీతలు చెరిపేశారు.

హెడ్మాస్టరుగారు మాత్రం, "గైడులో ఉన్నది రాయించమ్మా, చాలు" అన్నారు. సోమవారం వచ్చి నా పాఠం వింటారట. నచ్చకపోతే ఆ తరగతి వేరేవాళ్లకు ఇస్తారు. అయినా నేను గైడు ముట్టుకోను.

తమ్ముడూ, ఇది చదివి వినిపించాక ఒక పని చెయ్యి. చిన్నప్పుడు నన్ను బళ్లో చేర్చుకోమని అమ్మ ఆ బడి ఆఫీసు గుమ్మంలో రోజూ ఏమని అడిగిందో, అమ్మ మాటల్లోనే రాసి వెంటనే పంపు. నాన్న మోకాలికి తైలం రాస్తున్నావా? అత్తయ్యను అడిగానని చెప్పు. సోమవారం బోర్డు మీద ముందు అమ్మ మాట రాసి, దాని కింద ఆ ప్రసంగం చేసిన పెద్దాయన మాట రాస్తాను.

అక్క