మంత్రిగారి మనసు మారిన సంగతి

ఆదివారం, ఆరాధన ముగిశాక

గౌరవనీయులైన మంత్రిగారికి, ఇంట్లో మాత్రం మా చిన్నోడికి, ప్రభువు నామంలో అక్క వందనాలు. ఆయన దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. మరదలిని నీ కూరల్లో ఉప్పు తగ్గించమను. మొన్న టీవీలో ముఖం ఉబ్బినట్టు కనిపించావు.

ఈవేళ చర్చిలో ఎక్కడ విన్నా నీ మాటే. సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచి, నీ మనసు మార్చినందుకు ప్రభువుకు స్తోత్రం చెల్లించాను. చర్చి ముందు నువ్వు కట్టిస్తానన్న పాలరాతి ముఖద్వారం మానుకుని, మా ఆసుపత్రిలో మూతపడిన కాన్పుల గదికి డాక్టరమ్మను వేయిస్తున్నావని చెప్పాను. ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత చప్పట్లు ఆగలేదు.

కూరలమ్మే అమ్మాయి తన పసిబిడ్డను రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. ఆ పిల్ల పుట్టింది పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్న వ్యానులోనే. వెంట వెళ్లిన నేనే కాన్పు చేశాను. ఇన్నేళ్ల నర్సు పనిలో అలాంటి కాన్పు ఎరగను. చేతులు కడుక్కోవడానికి ఒక సీసాడు నీళ్లు తప్ప లేవు. తల్లీబిడ్డా దక్కారు. ప్రతిసారీ దక్కుతారని నేను చెప్పలేను.

పాస్టరుగారి ముఖం కాస్త వాడింది. పాపం, ముఖద్వారం మీద చెక్కించాల్సిన వాక్యం కూడా ఎంచి పెట్టుకున్నారు. అయినా మనిషి మంచివాడు. ఇన్నాళ్లూ నీ గెలుపుకోసం ప్రార్థించామనీ, ఇకనుంచి నీకోసం ప్రార్థిద్దామనీ అందరితో అన్నారు.

వచ్చే ఆదివారం నువ్వొస్తే స్వయంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలని సంఘమంతా ఎదురుచూస్తోంది.

ఇట్లు,
నిన్ను ఎత్తుకు తిరిగిన అక్క

తా.క.: ‘డాక్టరమ్మను వేయిస్తానని నేనెప్పుడన్నాను?’ అని ఈపాటికి గింజుకుంటూ ఉంటావు. నువ్వు అనలేదు. ఆ సంగతి నీకూ నాకూ తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదు. నామీద ఎగరకు. అడిగింది చేతికందకముందే స్తోత్రం చెల్లించడం మనకు అమ్మ నేర్పిందే కదా. నీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నా చెప్పులరిగాయి. నీ పి.ఎ.కి చెప్పుకోవడం కన్నా నీ పైవాడికే చెప్పుకోవడం మేలనిపించింది. కావాలంటే ఆదివారం వచ్చి, ఆ తల్లుల ముందు నిలబడి, అక్క చెప్పింది నిజం కాదని చెప్పు. ఒకటి మాత్రం విను. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది, అందులో నాటకం లేదు. నువ్వు అలాంటివాడివేనని నా నమ్మకం. అందుకే నిన్ననే ఆ కాన్పుల గది తాళం తీయించి, నేల కడిగించాను.