మార్తీస్ ఇంటికెళ్ళే వేళ

మెల్బోర్న్, జూన్ నెల

నా బుడ్డోడా, సల్వూ,

ఫోన్లో అయితే నేను ఏడ్చేస్తాను, నువ్వక్కడ కంగారుపడతావు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో, నా చదువెంతో నీకు తెలుసుగా.

మీ అక్క మార్తీస్ పోయాక నీకు చెప్పని సంగతొకటి ఉంది. అక్క ఎవరి పిల్లని చూసుకునేదో, ఆ నర్సమ్మ కర్స్టీ, వాళ్ళింటి తాళంచెవి అక్క సంచిలోనే ఉండిపోయింది. ఇచ్చేసి వద్దామని ఒక పొద్దున వెళ్ళాను. కర్స్టీ ఆసుపత్రి బట్టల్లోనే తలుపు తీసింది. డ్యూటీకి వేళయిపోతోంది, పిల్లని చూసే మనిషి దొరకలేదు. వెనకనుంచి పిప్పా తొంగిచూసి "మార్తీస్ వాళ్ళమ్మ" అంది. నాలుగేళ్ళది. జడ చెవి పక్కనుంచి తిప్పి వేస్తేనేగాని ఊరుకోదట. అది నేను మీ అక్కకి వేసిన జడ, నాన్నా. ఆ రోజు ఉండిపోయాను. అప్పట్నుంచీ రోజూ వెళ్తున్నాను.

ఇప్పుడు కర్స్టీ జీతం మాట ఎత్తింది. నన్ను చెంపమీద కొట్టినట్టయింది. "డబ్బు కోసం వస్తున్నాననుకున్నావా?" అన్నాను. "మార్తీస్‌కి ఇచ్చాను, మీకెందుకివ్వను మిసెస్ డెబోనో? జీతం తీసుకోకపోతే మిమ్మల్ని రానివ్వలేను, వచ్చే నెల మొదటి సోమవారంకల్లా ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అంది. తీసుకుంటే నేను ఆ ఇంటి పనిమనిషిని. తీసుకోకపోతే ఏమవుతానో నాకే తెలీదు, పనిమనిషిని మాత్రం కాను.

నేను టమాటాల షెడ్డులో చేసినప్పుడు మాకు అవార్డు ఉండేది, అదే, సర్కారు వారి జీతాల రూలు. ఏ పనికెంత, ఆదివారానికెంత, అన్నీ అందులోనే. మీ మాంసం కార్ఖానాకీ ఒకటుంది. ఒకరింట్లో పిల్లని చూసుకునే తనకి అలాంటిదేమీ లేదని మీ అక్కే ఒకసారి చెప్పింది. లేనప్పుడు ఇక నా ఇష్టమే కదా? నువ్వు యూనియన్ మనిషివి. ఊరికే చెయ్యొచ్చని ఆమెకి రెండు ముక్కలు రాసి పంపు. ఆ పిల్లని కూడా తీసేసుకుంటే నేను ఉండలేను.

అమ్మ


మెల్బోర్న్, జులై

బుడ్డోడా,

సాయం చెయ్యరా అంటే చీవాట్లు పంపావు. "అవార్డు లేనివాళ్ళకి దిక్కే లేదనుకున్నావా అమ్మా? వాళ్ళకోసం దేశమంతటికీ ఒక కనీస జీతం ఉంది, ఏటా జులైలో సవరిస్తారు. రోజూ వేళకి వెళ్ళి చేస్తే అది పనే. అంతకన్నా తక్కువ ఇవ్వడం ఆమెకీ కుదరదు, పుచ్చుకోవడం నీకూ కుదరదు. నువ్వు ఒప్పుకుని సంతకం పెట్టినా చెల్లదు" అన్నావు. పైగా "నీలాంటి అమ్మ ఒక్కతి మా కార్ఖానాలో చేరితే చాలు, మా అందరికీ ఉద్వాసనే" అని ఒక వెటకారం. చదివి కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. మీ అక్క పోయాక అదే మొదటిసారి నవ్వడం.

రూలు తలకెక్కింది గాని మనసుకెక్కలేదు. శుక్రవారం కర్స్టీ ఇంటికొచ్చినా నేను కదల్లేదు. గిన్నెలు కడిగాను, బట్టలు మడతపెట్టాను, పిప్పాకి స్నానం చేయిస్తున్నాను. అప్పుడడిగింది ఆ పిల్ల.

"నువ్వు మీ ఇంటికెళ్ళవా?"

"ఇక్కడ బాగానే ఉందిగా."

"మార్తీస్ మా అమ్మ రాగానే వెళ్ళిపోయేది. నేను కాలు పట్టుకున్నా ఆగేది కాదు. నా పనైపోయింది పిప్పా, మా అమ్మ నాకోసం పొయ్యిమీద ఏదో పెట్టి ఉంటుంది అనేది. నువ్వు పొయ్యిమీద ఏం పెట్టలేదా?"

నేను చెంబెడు నీళ్ళు దాని వీపుమీద పోశాను నాన్నా. తువ్వాలు పట్టుకుని కర్స్టీ గుమ్మంలోనే ఆగిపోయింది. మెల్లిగా అంది, "ఊరికే చేసేవాళ్ళని పట్టుకుని 'ఇక చాలు, వెళ్ళండి' అని ఎలా అనగలను? మీకు ఒంట్లో బాగోకపోతే సెలవెలా ఇవ్వగలను? మీకు నామీద కోపమొస్తే ఎలా కోప్పడతారు?"

"ఇప్పుడు కోపంగానే ఉన్నాగా" అన్నాను. ఇద్దరం నవ్వబోయి ఏడ్చాం. పిప్పా మా ఇద్దరిమీదా నీళ్ళు చల్లింది.

నీకు దాచింది ఇంకా ఉంది. అక్క పోయాక మన ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పిప్పా వదిలేసిన రొట్టె అంచులే నా తిండి. జీతం ఉంటే పనికి వేళ ఉంటుంది, వేళ అయిపోతే ఇంటికి రావాలి, వస్తే ఆ వంటింట్లోకి వెళ్ళాలి. పరువు కోసం వద్దన్నానని నీకు రాశాను. నిజానికి నాకు ఆ వంటింటి భయం.

సోమవారం సరే అన్నాను. వాళ్ళమ్మ రాగానే కోటు తొడుక్కున్నాను. పిప్పా పరుగెత్తుకొచ్చి కాలు పట్టుకుంది. "నా పనైపోయింది పిప్పా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఎవరిదో గుర్తొచ్చి, గేటు దగ్గర కాసేపు నిలబడిపోయాను.

ఇంటికొచ్చి చిక్కుడుగింజల సూప్ కాచాను, మీ అక్కకి ఇష్టమైనట్టే గొర్రెపాల జున్ను ముక్క వేసి. ఒక్కదానికి వండటం ఇంకా చేతకాలేదు, గిన్నెడు మిగిలింది. అక్క కుర్చీ ఎదురుగా కూచునే తిన్నాను. గడ్డకట్టిన ఏడుపు కొంచెం కరిగింది.

ఇప్పుడు నాకూ జీతంతో సెలవులొస్తాయట. క్రిస్మస్‌కి నీ దగ్గరికొస్తాను. అందాకా ఆ క్యాంటీన్ వేపుళ్ళతో పొద్దుపుచ్చకు.

అమ్మ

పనైపోగానే గదికెళ్ళు. పొయ్యిమీద ఏదైనా పెట్టుకుని కడుపునిండా తిను, నాన్నా.