పెద్ద ఫైలు, చిన్న ఫైలు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నందిగామలో మనింటి ముందు జ్ఞాపకార్థ కూడికకి మైకుసెట్టు నేనే కట్టా. టెస్టింగ్‌కి వదిన ఫోనులోంచి నువ్వు చర్చిలో పాడిన పాటే పెట్టా. మొదట నువ్వు దాచుకున్న పెద్ద ఫైలు, తర్వాత సైజు కుదించి అందరికీ పంపిన ఎంపీత్రీ. ఏది ఏదో చెప్పకుండా వదినని తేడా చెప్పమన్నా.

"రెండూ ఒకటేనయ్యా. నా ఫోను నిండిపోయింది, పెద్దది తీసెయ్" అంది.

ఒళ్లు మండింది. ఎంపీత్రీ పాట పీక నొక్కేస్తుందని జగ్గయ్యపేటలో మన మైకుల షాపుకొచ్చిన ఎంతమందితో పోట్లాడావ్! కళ్లు మూసుకుని మళ్లీ విన్నా. నాకూ తెలియలేదు. కోపం నీ మీదకి మళ్లింది. పెద్దది తీసెయ్యబోయా.

"ఆగరా" అంది అమ్మ. "రెండుంటే రెండుసార్లు వింటా."

ఉంచా. అలాగని నువ్వు గెలిచినట్టు కాదు.